మైపాడు ఇసుకలో రావణాసురుడి మీసాలు

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? సంక్రాంతికి ఇండియా వచ్చామని పోయిన వీడియోలో చెప్పాను కదా. పండగ మూడు రోజులూ అయిపోయాయి, చుట్టాలు కూడా వెళ్లిపోయారు. ఇవాళ మా అమ్మమ్మ వాళ్ల ఊరి చుట్టూ కాళ్ల కింద ఉండే మొక్కలు చూపిస్తాను. షాపింగ్ వీడియో అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

ఇది నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట మండలం. ఒక పక్క వరి మళ్లు, ఇంకో పక్క రొయ్యల గుంటలు, ఇంకాస్త ముందుకు పోతే మైపాడు సముద్రం. మాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. అందుకే జనవరిలో గట్ల మీద, దారి పక్కన, గోడ పగుళ్లలో కూడా ఏదో ఒకటి పూసి ఉంటుంది. ఈ రోజుల్లో వస్తే ఎంత పచ్చగా ఉంటుందో చూడండి.

ఈ ఇష్టం అరిజోనాలో మొదలైంది. మేముండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. రెండేళ్ల కింద మా అబ్బాయి సైకిల్ టైరు ఒకే వారంలో రెండుసార్లు పంచర్ అయింది. రెండోసారి టైరులోంచి ముల్లు పీకి అరచేతిలో పెట్టుకున్నాను. చూడగానే గుర్తుపట్టాను, పల్లేరు కాయ! మా ఊళ్లో చెప్పుల్లేకుండా పరిగెత్తిన ప్రతి ఒక్కరికీ తెలిసిన ముల్లు. కాయ విడిపోతే ఒక్కో ముక్కకి రెండు కొమ్ములుంటాయి కాబట్టి అక్కడివాళ్లు మేకతల అంటారు. అది అమెరికా మొక్క కాదు, బయట నుంచి వచ్చి పాతుకుపోయింది. దాన్ని అదుపు చేయడానికి 1961లో ఇటలీ నుంచి రెండు రకాల ముక్కు పురుగుల్ని తెప్పించి వదిలారు. ఒకటి గింజని తింటుంది, ఇంకోటి కాండాన్ని.

ఆ రోజు ఫొటో తీసి మా పెద్దమ్మ కూతురికి పంపాను, "అక్కా, ఇది పల్లేరే కదా?" అని. తను మెల్‌బోర్న్‌లో ఉంటుంది. మర్నాడు తను వాళ్ల పెరట్లో మొలిచిన ఏదో మొక్క ఫొటో పెట్టింది. అట్లా మొదలై ఇప్పుడు మేం తొమ్మిది మందిమి. పేరు తెలియని మొక్క ఎక్కడ కనపడ్డా ఫొటో తీసి పంపుకుంటాం. మాలో పెద్దాయన కావలిలో ఉండే మాస్టారు, బాటనీ చెప్పి రిటైరయ్యారు. నాకు చూడటం నేర్పింది ఆయనే.

మొదట్లో నేను ఆకు ఒక్కటే దగ్గరగా తీసి పంపేదాన్ని. ఫోన్‌లో ఉన్న యాప్ వెంటనే ఒక పేరు చెప్పేది, నేను నమ్మేసేదాన్ని. ఒకసారి మాస్టారు వాయిస్ మెసేజ్ పెట్టారు, "అమ్మా, చెవి ఒక్కటి చూపించి మనిషి పేరు చెప్పమంటే ఎట్టా?" అని. అప్పటి నుంచి ఒక్కో మొక్కకి కనీసం ఐదు ఫొటోలు. మొక్క నిలబడ్డ చోటుతో సహా మొత్తం ఒకటి. పువ్వు ఎదురుగానూ, పక్క నుంచీ. ఆకులు కాండానికి ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయా అన్నది తెలిసేలా ఒకటి, ఆకు తిప్పి ఒకటి. కాయ ఉంటే తప్పకుండా కాయ. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. తుంచితే పాలు వచ్చాయా, నలిపితే వాసన ఉందా అన్నది ఫొటోలో రాదు కాబట్టి రాసి పంపాలి.

ఇదిగో, అమ్మమ్మ ఇంటి మెట్ల పగులులో ఉన్నదే చూడండి. దీని పేరు రెడ్డివారి నానుబాలు. ఎంత బాగుంది కదా పేరు! రోజూ దీని మీదుగా నడిచిపోయేదాన్ని. తుంచితే తెల్లటి పాలు వస్తున్నాయి, చూశారా? ఆకులు ఎదురెదురుగా, కాండం కాస్త ఎర్రగా, ఆకు మొదట్లో చిన్న చిన్న గుండ్రటి గుత్తులు. కెమెరాకి క్లిప్ లెన్స్ పెట్టి దగ్గరకి తెస్తున్నాను. మనకి ఒక ఉండలా కనపడేదాంట్లో పదుల కొద్దీ పువ్వులున్నాయి, ఒక్కోటీ ఆవగింజ కన్నా చిన్నది. దీన్ని మొదటిసారి ఇట్లా చూసిన రోజు నేను చాలాసేపు మెట్ల మీదే కూర్చుండిపోయాను.

తర్వాతది నాకు అన్నిటికన్నా నచ్చింది. రొయ్యల గుంటల దారిలో దొరికింది, ఏనుగు పల్లేరు. పేరు విని పల్లేరుకి అన్న అనుకుంటాం, కానీ అసలు చుట్టరికమే లేదు. పల్లేరు ఆకు చింతాకులా జతలు జతలుగా ఉంటుంది. దీని ఆకు విడిగా, మందంగా, అంచులు పళ్లు పళ్లుగా ఉంది. పువ్వు చూడండి, పసుపు రంగు గరాటులా ఉంది. నువ్వు చేలో పూత చూసినవాళ్లకి వెంటనే గుర్తొస్తుంది, ఎందుకంటే ఇది నువ్వుల కుటుంబం. కాయకి నాలుగు మూలలా నాలుగు ముళ్లు.

అమ్మమ్మ దీన్ని చూసి, "మే, గ్లాసుతో నీళ్లు తీసుకురా" అంది. కొమ్మ కడిగి నీళ్లలో గిరగిరా తిప్పింది. రెండు మూడు నిమిషాలు. ఇప్పుడు చూడండి, నీళ్లు కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతున్నాయి! రంగు లేదు, వాసన లేదు. మా అబ్బాయి చెంచాతో ఎత్తి ఎత్తి వదులుతున్నాడు, తీగలా జారుతోంది. "మా చిన్నప్పుడు చల్ల అమ్మేవాళ్లు దీంతో చిక్కన చేసేవాళ్లంట, తాగేవాళ్లకి తెలిసేది కాదు" అంది అమ్మమ్మ. ఏ యాప్‌కీ ఈ సంగతి తెలియదు. నేను ఆ మాట అలాగే రికార్డు చేసి అందరికీ పంపాను.

ఒక్క మాట, మేం ఫొటో చూసి పేరు చెప్తాం గానీ తినొచ్చా, మందుగా వాడొచ్చా అని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పం. గలిజేరు అనే పేరుతోనే రెండు వేర్వేరు మొక్కలు ఉన్నాయి. ఒకదానికి సన్నటి కాడల మీద పైకి లేచి పూలు పూస్తాయి, కాయలు బట్టకి అంటుకుంటాయి. ఇంకోదానికి పువ్వు ఆకు మొదట్లోనే ఒదిగి కూర్చుంటుంది. నేల మీద పాకుతున్నప్పుడు పైనుంచి తీసిన ఫొటోలో రెండూ ఒకటే. ఫొటో నమ్ముకుని కూర వండుకోకండి, ప్లీజ్.

విష్ణుక్రాంత దగ్గర నేను పొరపాటు చేశాను. వినాయక చవితి 21 పత్రుల్లో విష్ణుక్రాంత పత్రం ఒకటి కదా. చాండ్లర్‌లో పూజ చేసేటప్పుడు మంత్రం చదువుతాం, చేతికొచ్చిన ఆకు వేస్తాం. కొన్నిచోట్ల శంఖుపువ్వునే విష్ణుక్రాంత అంటారు, అదో గందరగోళం. మాస్టారు చెప్పింది మాత్రం నేలకి పరుచుకునే చిన్న మొక్క, నూగు ఆకులు, నీలం పూలు. భోజనం చేసి మధ్యాహ్నం వెతకడానికి బయల్దేరాను. గంటన్నర తిరిగినా ఒక్క నీలం చుక్క కనపడలేదు. తర్వాత తెలిసింది, ఆ పువ్వు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుందట. అంటే నేను దాని పక్క నుంచే నడిచి ఉంటాను. తుత్తురు బెండ అని ఇంకో మొక్క ఉంది, అది దీనికి సరిగ్గా ఉల్టా, మధ్యాహ్నం దాటాక పూస్తుంది. ఫొటో తీసిన టైమ్ కూడా ఎందుకు రాయమంటారో ఆ రోజు అర్థమైంది.

ఇక మైపాడు. అందరూ సముద్రం వైపు చూస్తారు కాబట్టి వెనకున్న ఇసుక దిబ్బ ఎవరికీ కనపడదు. ఆ దిబ్బని పట్టుకుని ఉంచేవి రెండు. ఒకటి బాలబంది తీగ, మేక గిట్టలా మధ్యకి చీలిన ఆకు, ఊదా రంగు పూలు. రెండోది రావణాసురుడి మీసాలు. పేరుకి తగ్గట్టే గట్టిగా, పొడుగ్గా, గుచ్చుకునే గడ్డి. దీని ముళ్ల బంతి ఎండి విరిగితే గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ గింజలు చల్లుతుంది. మా అబ్బాయి, అక్కడి పిలకాయలు నలుగురు కలిసి దాని వెంట పరిగెత్తడం మీరు చూస్తున్నారు. ఒక బంతి మా వాడి తల కన్నా పెద్దది.

ఫొటోలు పంపితే మాస్టారు అడిగారు, "మగ మొక్క ఏదమ్మా?" ఇందులో ఆడ, మగ వేర్వేరు మొక్కలట. బంతి అయ్యేది ఆడది. మేం బంతి వెంట పడి మగదాన్ని చూడనేలేదు. మర్నాడు ఆటోలో మళ్లీ పోయాం. నలభై నిమిషాలు వెతికితే దొరికింది. బంతి లేదు, చిన్న చిన్న కంకుల గుత్తి, లేతపసుపు పుప్పొడి. చూపుడు వేలితో తట్టితే గాలికి లేచింది. అది వీడియోలో సరిగ్గా పడలేదు, నాకెంత బాధేసిందో.

తిరిగి వచ్చే దారంతా సర్కారు తుమ్మ. ఇది అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్టు. దీని దగ్గరి చుట్టం మెస్కీట్ మా చాండ్లర్ రోడ్ల పక్కనే ఉంది, అక్కడ అది సొంత చెట్టు. మన పల్లేరు అక్కడ, వాళ్ల ముళ్ల చెట్టు ఇక్కడ. ఆటోలోంచి చూస్తూ చాలాసేపు ఆ మాటే అనుకున్నాను.

మాస్టారు ఎప్పుడూ ఒక విషయం చెప్తుంటారు. రెండు వందల ఏళ్ల పైన, విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టరు సామర్లకోటలో ఉండి మన కోస్తా మొక్కల్ని బొమ్మలు వేయించాడు. వేసింది మన చిత్రకారులే. 1795 నుంచి మూడు సంపుటాలుగా 300 బొమ్మలతో అది లండన్‌లో అచ్చయింది, తెలుగు పేర్లతో సహా. ఆ పేర్లు చెప్పింది అమ్మమ్మ లాంటి వాళ్లే అయ్యుంటారు. మేం ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో, అంటే ఎవరైనా మొక్కల, జీవుల ఫొటోలు పెట్టి పేరు తేల్చుకునే వెబ్‌సైట్‌లో కూడా పెడుతున్నాం, తెలుగు పేరు లేని మొక్కకి మా ఊళ్లో అనే పేరు చేరుస్తున్నాం. నాకు ఆ పని ఫొటో కన్నా ముఖ్యం. అమ్మమ్మకి 84 ఏళ్లు. గట్టు మీద నడుస్తూ ఒక్క పూటలో ఆమె చెప్పిన పేర్లు 31, అందులో నాకు ముందే తెలిసినవి పది కూడా లేవు.

ఇప్పటిదాకా చూసింది ఊళ్లో ఉన్నప్పుడు తీసింది. ఇప్పుడు మేం చాండ్లర్ తిరిగి వచ్చి మూడు వారాలైంది. నిన్న సాయంత్రం ఆరున్నరకి, అంటే అక్కడ పొద్దున్న ఏడు, ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. మా మామయ్య కూతురితో అమ్మమ్మ తీయించింది. ఇసుక నేల, పక్కన రూపాయి బిళ్ల, బిళ్లలో సగం కూడా లేని నీలం పువ్వు పూర్తిగా విచ్చుకుని ఉంది. విష్ణుక్రాంత.

కాలవ గట్టు మీద చూసిన ఒక మొక్క పేరు మాత్రం ఇంకా తేలలేదు. మెల్‌బోర్న్ అక్క ఒకటి అంటుంది, నేను ఒకటి అంటాను, మాస్టారేమో కాయ చూడకుండా ఏమీ చెప్పనంటున్నారు. అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగాను. "కాయ పడేదాకా ఆ పక్క గడ్డి కోయొద్దని చెప్పాలే" అంది.