పెట్ట గుడ్డు పెట్టలేక ముక్కుతోందా? ముందైతే నొక్కకండి

నమస్తే అండీ. ఇది ప్లాన్ చేసుకుని తీస్తున్న వీడియో కాదు. పొద్దున గూడు తలుపు తీస్తే అన్ని కోళ్లూ బయటికి దూకాయి, మా బొల్లి మాత్రం ఓ మూల నిలబడిపోయింది. ఇదిగో, దగ్గరగా చూడండి. తోక వాల్చేసింది, ఈకలు ఉబ్బించుకుంది, ఒళ్లు నిటారుగా పెట్టి కాళ్లు ఎడంగా వేసి నిలబడి ఉండుండి ముక్కుతోంది. నూకలు చల్లితే ఒకసారి వంగి చూసి ఊరుకుంది. గుడ్లు పెట్టే బుట్టలోకి పొద్దుట్నుంచి నాలుగుసార్లు వెళ్లొచ్చింది కానీ గుడ్డు లేదు, నిన్న కూడా లేదు.

ఇలాంటప్పుడు పక్కింటివాళ్లో చుట్టాలో "గుడ్డు ఇరుక్కుంది, కాస్త నొక్కితే వచ్చేస్తుంది" అంటారు. రెండేళ్ల కిందట ఆ మాట విని నేను డేగరంగు పెట్టని పొట్ట దగ్గర నొక్కాను. గుడ్డు లోపలే చితికిపోయింది, మూడో రోజుకి పెట్ట పోయింది. పెంకు ముక్కలు లోపల కోసుకుంటాయి, సొన అక్కడే ఉండిపోయి కుళ్లుతుంది, అది నాకు తర్వాత డాక్టరుగారు చెప్తే తెలిసింది. అందుకే ఈ వీడియోలో నొక్కడం అనేది లేదు.

సరే, ముందు ఇది గుడ్డు సమస్యేనా అన్నది చూద్దాం. పొదుగుకొచ్చిన పెట్ట కూడా ఈకలు ఉబ్బించుకుని బుట్టలో కూర్చుంటుంది, కానీ చెయ్యి పెట్టారనుకోండి, క్లుక్ క్లుక్ అని తిట్టి పొడుస్తుంది. దీన్ని ఎత్తుకున్నా కిక్కురుమనలేదు చూశారా. తర్వాత మెడ కింద మేత సంచి తడమండి. రాత్రి తిన్నది తెల్లారేసరికి అరిగి సంచి ఖాళీ అయిపోవాలి. పొద్దున్నే గట్టిగా ఉండలా తగిలితే సమస్య గుడ్డుది కాదు, మేత అడ్డుపడింది. ఆకుపచ్చ రెట్ట, మెడ మెలి తిరగడం, గురక, ఒకదాని తర్వాత ఒకటి పడిపోవడం ఉంటే అది కొక్కెర తెగులు కావచ్చు, ఇంకేదైనా అంటురోగం కూడా కావచ్చు. అప్పుడు ఈ వీడియో ఆపేసి పశువైద్యుడికి ఫోన్ చేయండి, చచ్చిన కోళ్లని ఉత్త చేతుల్తో ముట్టుకోకండి, కూర అసలే వద్దు.

ఇప్పుడు పెట్టని చంకలో పెట్టుకుని, తోక నా వైపు ఉండేలా పట్టుకుంటున్నాను. గ్లౌజు వేసుకున్నాను. గుడ్డు వచ్చే ద్వారానికి కాస్త కింద రెండు వేళ్లు ఆనించి చూడటమే, బలం పెట్టకూడదు. ఆ... ఇక్కడ గుండ్రంగా గట్టిగా తగులుతోంది. తోలుగుడ్డు, అంటే పెంకు కట్టని మెత్తటి గుడ్డు అయితే ఇంత స్పష్టంగా తెలియదు, అదింకా ఇబ్బంది. పొట్టంతా నీళ్ల సంచిలా జారుతూ ఉంటే మాత్రం లోపల నీరు పట్టింది, దానికి ఇంటి వైద్యం లేదు.

ఇప్పుడు దీన్ని నీళ్లలో కూర్చోబెట్టాలి. బకెట్టు కాదు, వెడల్పు బేసిన్ తీసుకోండి. పసిబిడ్డకి పోసేంత గోరువెచ్చని నీళ్లు, మోచేత్తో చూసుకోండి. పొట్ట, వెనక భాగం మునిగితే చాలు, 15 నుంచి 20 నిమిషాలు. చల్లారుతుంటే పక్కనుంచి వేడి నీళ్లు కలుపుతూ ఉండండి, పెట్ట మీద పోయకండి. మొదట కొట్టుకుంటుంది, రెండు నిమిషాలకి కళ్లు మూసుకుని హాయిగా కూర్చుంటుంది, నిజం చెప్తున్నా, దానికి బాగుంటుంది.

తీశాక పాత తువ్వాలుతో బాగా ఆరబెట్టాలి. ద్వారం చుట్టూ కొంచెం కొబ్బరినూనె రాస్తున్నాను, పైపైనే. వేలు లోపలికి పెట్టి లాగడం నేను చెయ్యను, మీరూ చెయ్యకండి.

కాల్షియం సంగతి. ఒక గుడ్డు తయారవ్వడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందులో 20 గంటల దాకా పెంకు కట్టడానికే పోతాయి. ఒక్కో పెంకుకి సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. మేతలో దొరక్కపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. గుడ్డుని బయటికి తోసే కండరం బిగియాలన్నా మళ్లీ ఆ కాల్షియమే కావాలి, అందుకే అది తగ్గిన పెట్టలు ముక్కుతూ ఉండిపోతాయి. పశువుల మందుల షాపులో లిక్విడ్ కాల్షియం దొరుకుతుంది, డోసు డాక్టరుని అడిగి, నోటి పక్కనుంచి ఒక్కో చుక్కా వేయండి. గొంతులోకి ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తాంబూలం సున్నం పెట్టకండి, నోరు కాలుతుంది. మనుషుల నొప్పి మాత్రలు కూడా వద్దు.

ఇక గంప కింద పెట్టి, పైన గోనె కప్పి, చీకటిగా, వెచ్చగా వదిలేయాలి. నీళ్లు అందుబాటులో ఉంచండి. పదినిమిషాలకోసారి గంప ఎత్తి చూడకండి, నాకూ ఆ టెన్షన్ ఉంది కానీ ఆగాలి. రాకపోతే సాయంత్రం ఇంకోసారి నీళ్లలో కూర్చోబెట్టండి. ఒక్క రోజు దాటినా, ఎర్రగా కండ బయటికి వచ్చినా, నోరు తెరిచి ఆయాసపడుతున్నా డాక్టరు దగ్గరికే. ఆంధ్రలో, తెలంగాణలో పశువైద్య వాహనాల నంబరు 1962. యాంటీబయాటిక్ ఇస్తే, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అడగండి, చాలామంది అది మర్చిపోతారు.

మా బొల్లికి ఎందుకొచ్చిందంటే, తప్పు నాదే. ఎండలకి అది మేత సగం మానేసింది, నేనేమో ఉత్త నూకలు, తవుడు వేస్తూ పోయాను. గ్రామప్రియ లాంటి ఎక్కువ గుడ్లు పెట్టే రకాలకి అది అస్సలు చాలదు. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది. దాణా కొనలేకపోతే ఆల్చిప్పల పొడి విడిగా ఓ చిప్పలో పెట్టండి, కావలసినంత అవే తింటాయి. గుడ్డు పెంకులైతే వేయించి, పొడి చేసి పెట్టండి. కోడిపిల్లలకి మాత్రం ఈ గుడ్లు పెట్టే కోళ్ల (లేయర్) దాణా వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి.

...ఇప్పుడు సాయంత్రం నాలుగున్నర. గంప ఎత్తుతున్నా. ఇదిగోండి! పెంకు గరుకుగా ఉంది, ఓ చోట రక్తపు చార ఉంది, మామూలు గుడ్డు కన్నా పెద్దది. బొల్లి నీళ్లు తాగుతోంది. ఈ గుడ్డు మేం తినం. రెండు రోజులు దీన్ని విడిగానే ఉంచుతాను, వెనక రక్తం కనబడితే మిగతావి అక్కడే పొడిచి చంపేస్తాయి.