టర్కీ కోళ్లకు పప్పు మిల్లు చున్ని: ఏ వయసులో, ఎంత?

నమస్తే అండి. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వరి కోతకు ముందే చేలో మినుము, పెసర చల్లేస్తాం కదా, ఆ అపరాలు మిల్లుకెళ్లి పప్పయ్యాక చున్ని, పొట్టు మిగులుతాయి. ఎక్కువగా గేదెల దాణాలోకే పోతాయి. చున్ని టర్కీలకూ పనికొస్తుంది, కానీ చిన్న టర్కీ పిల్లలకు మాత్రం పెట్టకండి.

మొదటి నాలుగు వారాలు టర్కీ పిల్లకు మేతలో 28 శాతం ప్రోటీన్ కావాలి. అప్పుడు పీచు పెడితే పొట్ట నిండుతుంది గానీ ఒళ్లు రాదు. ఎనిమిది వారాలు దాటాక 22 శాతం, పన్నెండు దాటాక 19 శాతం సరిపోతుంది. చున్నిలో సుమారు 15 నుంచి 20 శాతం ఉంటుంది కాబట్టి ఎనిమిది వారాలు దాటి ఎదిగే పక్షికి సర్దుకుంటుంది.

(తెర మీద: ఒక చేతిలో చున్ని, ఇంకో చేతిలో పొట్టు)

ఈ రెండూ ఒకటి కాదండి. చున్నిలో పప్పు ముక్కలు, పిండి ఉంటాయి, ఉత్త పొట్టులో ఎక్కువ భాగం పీచే. మిల్లు బస్తాలో గుప్పెడు తీసి చాటలో చెరిగి చూడండి, పొట్టే ఎక్కువగా ఎగిరితే అది గేదెలకే.

పది కిలోల మేతలో తవుడు తగ్గించి అరకిలో చున్నితో మొదలెట్టండి, మెల్లగా కిలో వరకు వెళ్లొచ్చు. పచ్చి అపరాల్లో ప్రోటీన్‌ను అరగనివ్వని పదార్థాలుంటాయి, దోరగా వేయిస్తే చాలావరకు పోతాయి. ప్రోటీన్‌లో ఉండే భాగాల్లో లైసిన్ అనేది పప్పుల్లో బాగుంటుంది, మెథియోనిన్ అనేది తక్కువ, ఆ లోటుకి చేపపొడి మంచిది. మన తీరం ఊళ్లలో దొరుకుతుంది గానీ ఉప్పు పట్టించిన చేపది అసలొద్దు.

నాకు అన్నిటికన్నా భయం బూజు. 1960లో ఇంగ్లండులో దాదాపు లక్ష టర్కీలు చచ్చిపోయాయి, కారణం వెతికితే మేతలోని వేరుశనగ చెక్కకు పట్టిన బూజు అని తేలింది, అఫ్లాటాక్సిన్ అనే విషం లోకానికి తెలిసింది అలాగే. చున్ని పిండిలాంటిది, మన సముద్రపు గాలికి ఇట్టే చెమ్మ పీలుస్తుంది. ఆ విషం వేయించినా పోదు. ముక్కిపోయిన వాసన వస్తే బస్తా మొత్తం పారేయండి, గేదెకీ పెట్టకండి, పాలల్లోకి దిగుతుంది. కొన్న వెంటనే ఎండబెట్టి, నేలకు తగలకుండా చెక్కల మీద పెట్టుకోండి.

వారానికోసారి పొద్దున్నే, మేత వేయకముందు, నాలుగైదు పక్షుల్ని తూచి రాసుకోండి. బరువు పెరగడం తగ్గితే చున్ని మళ్లీ అరకిలోకి దించేయండి.