ఊట నదిలో డ్రిఫ్ట్ డైవ్: ముందు గట్టెక్కే చోటు, తర్వాతే దిగే చోటు

అందరికీ నమస్తే. వాయిస్ వినిపిస్తోంది కదా? సరే. ఈరోజు రెయిన్‌బో రివర్. ఫ్లోరిడాలో, డనెలన్ ఊరి దగ్గర. ఇక్కడ తెలుగువాళ్లు చాలామంది ట్యూబ్ మీద కూర్చుని తేలుతూ వెళ్లే ఉంటారు. ఈరోజు మనం అదే నదిలో వీపున గాలి ట్యాంకు కట్టుకుని నీళ్ల కింద నుంచి వెళ్తాం. డ్రిఫ్ట్ డైవ్ అంటే తెలిసిందే, మనం ఈదం, నీళ్లే మోసుకుపోతాయి.

ముందే చెప్తున్నా, స్కూబా సర్టిఫికేషన్ లేనివాళ్లు సరదాగా చూడండి, అంతే. నేర్చుకున్నాక రండి.

ఇదిగో, ఈ క్లిప్ చూడండి. అడుగున ఇసుక ఎసరులా కుతకుతలాడుతోంది కదా, అదే ఊట. మహానంది కోనేరు చూసినవాళ్లకు ఆ తేట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అలాంటి తేట ఇక్కడ నది పొడవునా. నీళ్లు ఏడాది పొడవునా 22, 23 డిగ్రీలే. వాన పడింది కదా అని మన గోదావరిలాగా రాత్రికి రాత్రి ఎర్రబడి పొంగదు. అందుకే ఇక్కడ ప్లాన్ వేయడం తేలిక అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అక్కడే దెబ్బ తిన్నాను. వస్తా, ఆ సంగతికి వస్తా.

మొదట మ్యాప్. గూగుల్ ఎర్త్ తెరిచాను. పైన ఇది ఊట మొదలు, స్టేట్ పార్క్. అక్కడ ఈత కొట్టే చోట స్కూబా కుదరదు, దానికి దిగువన పడవ మీద నుంచి దిగాలి. ఇది కేపీ హోల్ పార్క్, మనం గట్టెక్కే చోటు. ఇప్పుడు రూలర్ తీసుకోండి. లైన్ కాదు, పాత్. పాత్ నొక్కి నది వంపు వెంబడి ఇలా క్లిక్, క్లిక్, క్లిక్. లైన్ పెడితే చెట్ల మీదుగా కొలుస్తుంది, మనం చెట్ల మీదుగా వెళ్లం కదా. దీనికి వేరే యాప్‌లు ఉన్నాయి, నాకు ఇదే నచ్చుతుంది, ఫ్రీ. చూడండి, 2,000 మీటర్లు వచ్చింది. రాసుకోండి.

తర్వాత గాలి లెక్క. ఇది త్వరగా చెప్పేస్తా. ట్యాంకులో గాలి ఒత్తిడి చూపించే గేజ్ అమెరికాలో పీఎస్ఐలో ఉంటుంది, నాకు బార్‌లో లెక్క తేలిక. అల్యూమినియం 80 ట్యాంకు అంటే 11 లీటర్లు. 200 బార్‌తో దిగి, 50 మిగిలి ఉండగా పైకి వస్తాం. అంటే 150 ఇంటూ 11, 1,650 లీటర్లు. ఒడ్డున నేను నిమిషానికి 18 లీటర్లు పీలుస్తాను. సగటున నాలుగు మీటర్ల లోతులో ఒత్తిడి 1.4 రెట్లు, గాలీ అంతే ఎక్కువ పడుతుంది, అంటే ఇంటూ 1.4, సుమారు 25. 1,650 బై 25, దాదాపు 65 నిమిషాలు. మీ అంకె మీది వేసుకోండి. ఇద్దరు దిగుతుంటే ఎక్కువ పీల్చేవాళ్ల అంకే తీసుకోవాలి.

ఇప్పుడు నది వేగం. ఇక్కడ ఆగండి. వీడియో స్పీడ్ పెంచి చూస్తున్నవాళ్లు మామూలుకి తెచ్చుకోండి.

మొదటిసారి నేనేం చేశానంటే, నీళ్ల మీద ఒక ఆకు వేశాను. 30 మీటర్లు, 60 సెకన్లు. సెకనుకు అర మీటరు. 2,000 మీటర్లకు 67 నిమిషాలు. గాలి 65 నిమిషాలు. ఆహా, సరిపోయింది, రెండు నిమిషాలే కదా తేడా అనుకుని దిగేశాను. గార్ చేపలు, తాబేళ్లు, అడుగున పెరిగే ఆ ఈల్‌గ్రాస్ గడ్డి గాలికి వరిచేను ఊగినట్టు ఊగడం, అన్నీ చూసుకుంటూ పోయాను. 65వ నిమిషంలో గేజ్ చూస్తే 50 బార్. పైకి వచ్చి చూస్తే కేపీ హోల్ లేదు! రెండు పక్కలా చెట్లే. ఇంకా 700 మీటర్లు ఉంది. ఒంటి మీద మూడు మిల్లీమీటర్ల సూట్, పళ్లు టకటకలాడుతున్నాయి. స్నార్కెల్ గొట్టం నోట పెట్టుకుని వీపున ట్యాంకు మోసుకుంటూ ట్యూబుల మధ్య ఈదుకుంటూ వచ్చాను. ఒక పిల్లాడు ట్యూబ్ మీద నుంచి నాకు టాటా చెప్పాడు కూడా.

ఏమైంది? నేను కొలిచింది ఆకు వేగం. నేను ఆకును కాదు కదా! పైన, నది నడిమధ్యలో నీళ్లు అన్నిటికంటే జోరుగా పోతాయి. అడుగు నీళ్లు నేలను, గడ్డిని రాసుకుంటూ పోతాయి, నిదానిస్తాయి. ఒడ్డు పక్కనా అంతే. నదుల కొలతలు తీసేవాళ్లు కూడా పైవేగాన్ని 0.85తో గుణించి సగటు వేగం కడతారు. అది పై నుంచి అడుగు దాకా సగటు. మనం ఉండేది సగటులో కాదు, గడ్డికి ఆనుకుని అడుగున. పైగా మధ్యమధ్యలో తాబేలు దగ్గర ఆగుతాం.

అందుకే ఇప్పుడు నా లెక్క ఇది. మళ్లీ చెప్తున్నా, ఆకు వేగంలో మూడింట రెండు వంతులే తీసుకుంటాను. ఇది పుస్తకంలోది కాదు, నా మోటు లెక్క. 0.5లో మూడింట రెండు వంతులు, 0.33. దాంతో 2,000 మీటర్లకు 100 నిమిషాలు. గాలి 65 నిమిషాలే. చాలదు, అయిపోయింది.

కాబట్టి లెక్క తిరగేస్తాం. కేపీ హోల్ నుంచి మొదలుపెట్టి ఎగువకు కొలుస్తాం. ఒక గంట డైవ్ అనుకోండి, 0.33 ఇంటూ 3,600, సుమారు 1,200 మీటర్లు. మ్యాప్‌లో పాత్ ఇలా వెనక్కి లాగండి, ఇంకొంచెం, ఆఁ, ఇక్కడ. దిగేది ఇక్కడ. పడవ నడిపే ఆయనకు ఈ పిన్ చూపించండి. పైదాకా తీసుకెళ్తానంటాడు, మొహమాటపడకండి. సగం దారిలో, అంటే 600 మీటర్ల దగ్గర, ఒక గుర్తు పెట్టుకోండి. అక్కడికి అరగంట, గేజ్‌లో 130 బార్ ఉండాలి. తక్కువ ఉంటే కెమెరా కట్టేసి నది నడిమధ్యకు వచ్చి సాగిపోవడమే. ఇవన్నీ నేను నీళ్లలోకి తీసుకెళ్లే స్లేట్ మీద పెన్సిల్‌తో రాసుకుంటాను. డైవ్ కంప్యూటర్ ఉంది, అయినా స్లేటే.

బరువులు, అంటే మునగడానికి నడుముకు కట్టుకునేవి. సముద్రంలో వేసుకున్నన్ని ఇక్కడ వద్దు, ఇది మంచినీళ్లు. మనిషి, సామాను కలిపి 90 కిలోలు అయితే రెండు కిలోల పైన తగ్గుతుంది. అలాగని మరీ తీసేయకండి, ఈ ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ తేలిపోతుంది, చివర్లో బెండులా పైకి లేచేస్తారు. మోకాళ్లు అడుగున ఆనించకండి, గడ్డి పాడవుతుంది, వెనక వచ్చేవాళ్లకు నీళ్లు బురదవుతాయి.

జెండా, అంటే కింద డైవర్ ఉన్నాడని పడవలకు చెప్పేది. ఎర్రగుడ్డ మీద మూల నుంచి మూలకు తెల్ల గీత, 12 అంగుళాలకు తగ్గకూడదు. ఫ్లోరిడా చట్టం ప్రకారం నదిలో దానికి 100 అడుగుల లోపే ఉండేట్టు చూసుకోవాలి. తాడు రీల్ చేత్తో పట్టుకోండి, ఒంటికి క్లిప్ చేయొద్దు. కొమ్మకు చిక్కుకుంటే వదిలేయగలగాలి. పైకి వచ్చినా జెండా పక్కనే రండి, పడవలు తిరుగుతుంటాయి. ఎండాకాలం శని, ఆదివారాలైతే అసలు వెళ్లకండి. మామూలు రోజు, పొద్దున్నే.

గట్టెక్కడం. కేపీ హోల్ కుడి ఒడ్డున. అది కనిపించాక జరుగుదాంలే అనుకుంటే దాటిపోతారు. 200 మీటర్ల ముందు నుంచే కుడివైపుకు ఏటవాలుగా జరుగుతూ రండి. ఒడ్డు పక్కన నీళ్లు నిదానం కదా, ఇక్కడ అదే పనికొస్తుంది.

తాగడానికి ప్లాస్టిక్ సీసాలు తేవద్దు, వాడి పారేసేవి ఈ నది మీదకు రానివ్వరు. నేను స్టీల్ ఫ్లాస్క్‌లో అల్లం టీ పెట్టుకుని కారులో ఉంచుతాను. గంట సేపు 22 డిగ్రీల్లో నానాక అది తాగి చూడండి. ఆ స్లేట్ ఫోటో కింద పెడతాను, మీ అంకెలు వేసుకుని కామెంట్‌లో పెట్టండి, లెక్క చూసి చెప్తాను.