పెద్దపేగు ఆపరేషన్‌కి రోబో కావాలా?

శ్రోతలందరికీ నమస్కారం. మొన్న ఓపీలో ఒక అబ్బాయి, "నాన్నకి పెద్దపేగు క్యాన్సర్ అన్నారు సార్, రోబో అయితే మంచిదట, అర ఎకరం అమ్మైనా చేయిస్తాం" అన్నాడు. అర ఎకరం! అది విన్నప్పట్నుంచీ ఈ సంగతి మీకు చెప్పాలని ఉంది.

రోబో తనంతట తాను కోయదండి. సర్జన్ అదే గదిలో ఒక యంత్రం ముందు కూర్చుని చేతులు కదిపితే, పేషెంట్ పొట్టలోని సన్నటి పరికరాలు కదులుతాయి. లాపరోస్కోపీ అని ఇంకో పద్ధతి ఉంది, అందులోనూ చిన్న రంధ్రాలే, కెమెరానే, కాకపోతే పరికరాలు నేరుగా సర్జన్ చేతిలో ఉంటాయి.

మరి ఏది మేలు? దక్షిణ కొరియాలో సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకున్నారు. కుడివైపు పెద్దపేగులో క్యాన్సర్ ఉన్న 70 మందిని, చీటీలు తీసినట్టుగా, రెండు జట్లు చేశారు. 35 మందికి రోబో, 35 మందికి లాపరోస్కోపీ. ఫలితం 2012లో అచ్చయింది. రోబోతో సగటున 195 నిమిషాలు పట్టింది, లాపరోస్కోపీతో 130, అంటే గంటకు పైగా తేడా. నొప్పి? దాదాపు ఒకటే. ఆస్పత్రిలో ఉన్న రోజులు? దాదాపు ఒకటే. తీసిన లింఫు గ్రంథులు, అంటే క్యాన్సర్ పాకిందా అని చూసే, పేగు పక్కనుండే చిన్న గడ్డల్లాంటివి? అవీ దాదాపు ఒకటే. ఖర్చు మాత్రం రోబోకే ఎక్కువైంది.

చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను. ఆ తర్వాత రోబో మీద సర్జన్ల చేయి బాగా తిరిగింది కూడా. ఇక మలాశయం, అంటే పెద్దపేగు చిట్టచివరి భాగం, అక్కడి క్యాన్సర్ సంగతి వేరు, అది కటి ఎముకల మధ్య ఇరుకులో ఉంటుంది, అక్కడ రోబో పనికొస్తుంది. చైనాలో 11 ఆస్పత్రుల్లో చేసిన పెద్ద అధ్యయనంలో, మూడేళ్లలో ఆపరేషన్ చేసిన చోట క్యాన్సర్ తిరగబెట్టింది రోబో జట్టులో 1.6 శాతం మందికి, లాపరోస్కోపీ జట్టులో 4 శాతం మందికి. కానీ ఆ అబ్బాయి వాళ్ల నాన్నది మలాశయం కాదు, కుడివైపు పెద్దపేగు. అందుకే పొలం జోలికి వెళ్లొద్దని చెప్పాను, లాపరోస్కోపీలో బాగా చేయి తిరిగిన సర్జన్‌ని వెతుక్కోమన్నాను.

ఇంకొక్కటి కూడా చెప్పాను, మీరూ గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ అయ్యాక వచ్చే బయాప్సీ రిపోర్టులో, ఎన్ని లింఫు గ్రంథులు పరీక్షించారో అంకె ఉంటుంది. కనీసం 12 ఉండాలి. రోబోతో చేసినా 12, లాపరోస్కోపీతో చేసినా 12, పొట్ట కోసి చేసినా 12. తక్కువుంటే మొహమాటపడకుండా డాక్టరుగారిని అడగండి. తీసిన పేగు ముక్కని ల్యాబ్‌లో కొన్నాళ్లు ఉంచుతారు, అందులోనే మళ్లీ వెతికి చూడొచ్చు.