అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమైనట్టు? అమెరికా ఆరోగ్య బీమా రాజకీయాలపై చర్చ

(స్టూడియోలో యాంకర్‌తో పాటు అమెరికా రాజకీయాలు రాసే సీనియర్ జర్నలిస్టు. వీడియో లైన్‌లో తూర్పు కెంటకీలో పనిచేస్తున్న తెలుగు డాక్టర్, డాలస్ నుంచి తెలుగు ఇన్సూరెన్స్ ఏజెంట్. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడిన చోట్ల మాత్రం మాటలు విడదీసి ఇస్తున్నాం.)

యాంకర్: నమస్కారం. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా, 43 రోజులు అమెరికా ప్రభుత్వం మూతపడింది. అప్పటిదాకా ఆ దేశ చరిత్రలో అంత పొడుగు షట్‌డౌన్ లేదు. ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం కింద, కోవిడ్ కాలంలో పెంచిన ప్రీమియం సబ్సిడీలు పొడిగిస్తేనే ప్రభుత్వ ఖర్చుల బిల్లుకి ఓటేస్తామన్నారు డెమోక్రాట్లు. 2013లో అదే ఒబామాకేర్‌ని ఆపితేనే ఓటేస్తామని 16 రోజులు మూయించింది రిపబ్లికన్లు. ఏంటి సార్ ఇది, డైలాగులు ఇచ్చిపుచ్చుకున్నారా?

జర్నలిస్టు: అక్షరం పొల్లు పోకుండా ఇచ్చిపుచ్చుకున్నారు. ఓటింగులో ఓడిపోయినదాన్ని ప్రభుత్వం పీక పట్టుకుని సాధించుకుంటారా అని 2013లో డెమోక్రాట్లు నిలదీశారు. 2025లో రిపబ్లికన్లు అదే ప్రశ్న, అదే కోపంతో అడిగారు. పాత వీడియోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎవరిదో పోల్చుకోవాలంటే మొహాలు చూడాల్సిందే.

డాక్టర్: ఒక్క నిమిషం సార్. రెండింటినీ ఒకే గాట కట్టేయకండి. ఒకరు జనానికి బీమా రాకుండా చేయాలని మూశారు, ఇంకొకరు ఉన్న బీమా పోకుండా చూడాలని మూశారు. నా దగ్గరికొచ్చే పేషెంటుకి ఆ రెండూ ఒకటి కాదు.

ఏజెంట్: అంటే ఉద్దేశం మంచిదైతే పద్ధతి ఏదైనా ఫర్వాలేదనా డాక్టర్ గారూ? ఆ 43 రోజులు జీతాల్లేకుండా పనిచేసిన ఎయిర్‌పోర్టు ఉద్యోగుల్ని అడగండి. చివరికి ఏం సాధించారు? డెమోక్రాట్ల వైపు నుంచే ఎనిమిది మంది సెనేటర్లు అటు ఓటేస్తే తలుపులు తెరుచుకున్నాయి. పెంచిన సబ్సిడీ మాత్రం డిసెంబరు 31తో పోయింది.

యాంకర్: కొంచెం వెనక్కి వెళ్దాం. అసలు ఈ చట్టం మీద ఇంత పగ ఎందుకు? 2010లో పాసైనప్పుడు ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా పడలేదు కదా.

జర్నలిస్టు: అందులోనే ఉందమ్మా అసలు తమాషా. ఆ చట్టంలో రిపబ్లికన్లు ఎక్కువగా తిట్టింది దేన్ని? ప్రతివాడూ బీమా కొనాలి, లేకపోతే జరిమానా కట్టాలి అన్న నిబంధనని. అది ఎవరి బుర్రలో పుట్టింది? 1989లో హెరిటేజ్ ఫౌండేషన్ అనే కన్జర్వేటివ్ సంస్థ ప్రతిపాదించింది. 1993లో హిల్లరీ క్లింటన్ ప్లాన్‌కి పోటీగా జాన్ చేఫీ అనే రిపబ్లికన్ సెనేటర్ బిల్లులో పెట్టాడు. 2006లో మసాచుసెట్స్ గవర్నర్ మిట్ రామ్నీ, ఆయనా రిపబ్లికనే, రాష్ట్రంలో అమలుచేసి చూపించాడు. ఆ రామ్నీయే 2012లో అధ్యక్ష పదవికి నిలబడి, గెలిచిన మొదటి రోజే ఒబామాకేర్ రద్దు మొదలుపెడతానన్నాడు.

డాక్టర్: నేను చెప్పేదీ అదే కదా!

జర్నలిస్టు: ఆగండి, రెండో సగం ఉంది. 2008లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో ఈ నిర్బంధం తప్పని వాదించిందెవరు? ఒబామా. హిల్లరీ కావాలంటే ఈయన వద్దన్నాడు. గెలిచాక ఆమె ప్లానునే తీసుకొచ్చాడు. సొంత బిడ్డని కాదన్నవాళ్లు ఒక పార్టీ, కాదన్న బిడ్డనే ఎత్తుకున్నవాళ్లు ఇంకో పార్టీ.

ఏజెంట్: "మీ ప్లాన్ మీకు నచ్చితే అదే ఉంచుకోవచ్చు" అన్నది కూడా ఆయనే. 2013 చివర్లో లక్షల మందికి క్యాన్సిలేషన్ ఉత్తరాలొచ్చాయి. ఆ మాటని, నాయకుల మాటల్లో నిజానిజాలు తేల్చే పొలిటిఫాక్ట్ సంస్థ ఆ ఏడాది అతిపెద్ద అబద్ధంగా ఎంపిక చేసింది. నేను ఆ నెలల్లో ఫోన్ ఎత్తాలంటేనే భయపడ్డాను.

యాంకర్: డాక్టర్ గారూ, మీరుండేది రిపబ్లికన్ల కంచుకోట. అక్కడ పరిస్థితేంటి?

డాక్టర్: జె-1 వీసా మీద చదువుకున్న చాలామంది తెలుగు డాక్టర్లలాగే నేనూ ఇక్కడికొచ్చాను. డాక్టర్లు దొరకని ఊళ్లో మూడేళ్లు పనిచేస్తే, రెండేళ్లు తిరిగి ఇండియా వెళ్లాలన్న షరతు మాఫీ. మూడేళ్ల కోసమని వచ్చి ఉండిపోయాను. ఇక్కడ అప్పటి డెమోక్రాట్ గవర్నర్ స్టీవ్ బెషీర్ ఒబామాకేర్‌ని కైనెక్ట్ అని పేరు పెట్టి తెచ్చారు. కావాలనే, ఒబామా పేరు ఎక్కడా కనపడకుండా. 2013లో రాష్ట్రంలో ఐదుగురిలో ఒకరికి బీమా లేదు, రెండేళ్లలో ఆ సంఖ్య సగానికి పైగా పడిపోయింది. ఒకాయన ఉండేవారు, గనిలో పనిచేసి మానేసిన మనిషి. షుగర్ ముదిరి కాలి బొటనవేలి కింద పుండు. ఇదివరకు డబ్బుల్లేక రెండు రోజులకోసారి ఇన్సులిన్ తీసుకునేవారు. కార్డు చేతికొచ్చాక మూడు నెలల్లో షుగర్ దారికొచ్చింది. కట్టు మారుస్తుంటే ఒకరోజు అన్నారు, "డాక్, ఆ ఒబామాకేర్‌ని తీసేస్తే దేశం బాగుపడుతుంది" అని.

యాంకర్: మీరేమన్నారు?

డాక్టర్: చేతిలో ఉన్న కార్డు అదేనండీ అన్నాను. కాదు, ఇది కైనెక్ట్ అన్నారు. నాకు ఆయన మీద కోపం లేదు. నా కోపమల్లా మా రాష్ట్ర రిపబ్లికన్ సెనేటర్ మిచ్ మెక్‌కానెల్ లాంటి వాళ్ల మీద. 2014 ఎన్నికల డిబేట్‌లో ఆయన, ఒబామాకేర్‌ని వేళ్లతో సహా పీకేయాలి, కైనెక్ట్ వెబ్‌సైట్ మాత్రం ఉంటే ఉండొచ్చు అనే అర్థంలో మాట్లాడారు. ఒబామాకేర్ లేకపోతే ఆ వెబ్‌సైట్‌లో ఏం అమ్ముతారు, బొప్పాయిలా?

యాంకర్: (నవ్వుతూ) మన దగ్గర ఆరోగ్యశ్రీకి ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మారుస్తారు గానీ, అది వేరే పథకమని ఎవరూ నమ్మించలేదు లెండి.

జర్నలిస్టు: కెంటకీ నుంచి ప్రతినిధుల సభలో హాల్ రోజర్స్ అని సీనియర్ రిపబ్లికన్ సభ్యుడున్నాడు. దేశంలో మెడికెయిడ్ అనే పేదల ప్రభుత్వ బీమా మీద ఆధారపడ్డవాళ్లు బాగా ఎక్కువగా ఉన్న నియోజకవర్గాల్లో ఆయనదొకటి. 2025 జులైలో ఆ మెడికెయిడ్‌నే కత్తిరించిన ట్రంప్ బిల్లుకి ఓటేశాడు. అంతకన్నా చిత్రం మిస్సోరి రిపబ్లికన్ సెనేటర్ జోష్ హాలీ. మేలో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, మెడికెయిడ్ కోతలు నైతికంగా తప్పు, రాజకీయంగా ఆత్మహత్య అన్నాడు. జులై 1న బిల్లుకి ఓటేశాడు. రెండు వారాలకే, ఆ కోతల్లో కొన్నిటిని వెనక్కి తీసుకోవాలని ఇంకో బిల్లు పెట్టాడు. ట్రంప్ బిల్లు సెనేట్‌లో 51-50తో బయటపడింది, ఉపాధ్యక్షుడు వాన్స్ వచ్చి ఓటేస్తేగానీ కాలేదు. అంటే ఈయన ఒక్కడు కాదని ఉంటే అక్కడితో ఆగేది.

ఏజెంట్: నేను రిపబ్లికన్లకే ఓటేస్తాను, దాచేదేం లేదు. హాలీని సమర్థించను. కానీ ఆ బిల్లులో పెట్టినట్టు, మెడికెయిడ్ కావాలంటే పనిచేయగలిగినవాడు నెలకి 80 గంటలు పనిచేయమంటే తప్పేంటి?

డాక్టర్: పనిచేయడం దగ్గర లేదండీ గొడవ, పనిచేస్తున్నానని నిరూపించుకోవడం దగ్గరుంది. 2018లో అర్కాన్సాస్‌లో పెట్టి చూశారు. గంటలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. ఆ వెబ్‌సైట్ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా మూసేసేవారు. రెస్టారెంట్‌లో రెండో షిఫ్టు దిగి వచ్చినవాడు ఎప్పుడు నింపాలి? కోర్టు ఆపేలోపు 18 వేల మంది బీమా పోగొట్టుకున్నారు. ఇప్పుడు అలాంటి షరతే చాలా రాష్ట్రాల్లో.

జర్నలిస్టు: ఎప్పటినుంచి?

డాక్టర్: 2027 జనవరి.

జర్నలిస్టు: అదీ! నేను ఇందాకటి నుంచి దాని కోసమే చూస్తున్నాను. అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే మిడ్‌టర్మ్ ఎన్నికలెప్పుడు? 2026 నవంబరులో. టిప్పుల మీద పన్ను మినహాయింపు మాత్రం అదే బిల్లులో 2025 నుంచే వర్తించింది. తీపి ఎన్నికల ముందు, చేదు ఎన్నికల తర్వాత. అమ్మా, నేను ఇన్నేళ్లు రాసి తెలుసుకున్నది ఒకటే. వీళ్ల ఉపన్యాసాలు చదవడం వృథా. బిల్లులో తారీఖులు చూడాలి. ఎవడు దేనికి భయపడుతున్నాడో అక్కడ రాసి ఉంటుంది.

ఏజెంట్: అయితే డెమోక్రాట్ల తారీఖులు కూడా చదవండి సార్.

జర్నలిస్టు: చదువుతాను. వీళ్లు రెండాకులు ఎక్కువే చదివారు. 2010 చట్టంలో ఖరీదైన కంపెనీ బీమా ప్లాన్ల మీద 40 శాతం పన్ను పెట్టారు, క్యాడిలాక్ ట్యాక్స్ అనేవారు. ఖర్చులు తగ్గించే గొప్ప సాధనం అని వాళ్ల ఆర్థికవేత్తలు పొగిడిందే పొగడ్త. సెనేట్ బిల్లులో 2013 నుంచి అని ఉంది. కార్మిక సంఘాలు కన్నెర్ర చేశాయి. దాంతో 2018కి జరిపారు. ఒబామా రెండుసార్లు గెలిచినా 2017 జనవరిలో దిగిపోవాలి కదా! ఆ తర్వాత 2020కి, 2022కి జరుపుతూ పోయి, 2019 జులైలో ప్రతినిధుల సభలో రద్దుకి ఓటేశారు. ఎంతమంది అనుకున్నారు? 419 మంది అవును, ఆరుగురు కాదు. ఆ సభలో మెజారిటీ డెమోక్రాట్లదే. పదేళ్లు గొప్పదని చెప్పిన పన్ను ఒక్క పైసా వసూలు కాకుండానే పోయింది.

యాంకర్: మరి ఇప్పుడు పోయిన సబ్సిడీలు?

జర్నలిస్టు: అదీ అంతే. 2021లో కోవిడ్ పేరుతో రెండేళ్లకి పెంచారు. 2022లో పొడిగించే అవకాశం వాళ్ల చేతుల్లోనే ఉంది, శాశ్వతం చేయొచ్చు. చేస్తే బిల్లు ఖర్చు లెక్క భారీగా కనిపిస్తుంది. అందుకని 2025 చివరిదాకా అన్నారు, అంటే 2024 అధ్యక్ష ఎన్నిక దాటాక. గెలిస్తే మనమే పొడిగిస్తాం, ఓడితే నింద వాళ్ల మీద పడుతుంది. ఓడారు. 43 రోజులు పోరాడింది తమ చేత్తో రాసుకున్న తారీఖు మీద.

డాక్టర్: సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో ఉన్నారు సార్ అప్పుడు. దొరికినంత తెచ్చుకున్నారు.

జర్నలిస్టు: ఒప్పుకుంటాను. కానీ ఆ సంగతి జనానికి చెప్పలేదు.

యాంకర్: డాలస్‌లో మీ కస్టమర్ల మీద ఈ ప్రభావం ఎలా ఉంది?

ఏజెంట్: నాకు ఎక్కువగా చిన్న వ్యాపారాల వాళ్లుంటారు, కిరాణా షాపులు, బిర్యానీ పాయింట్లు, ట్యాక్స్ ఆఫీసులు. కంపెనీ బీమా ఉండదు. అరవై ఏళ్ల భార్యాభర్తలు అనుకోండి, ఇంట్లో ఇద్దరే. 2026కి వాళ్ల ఆదాయం 84,600 డాలర్లు దాటిందా, సాయం సున్నా. ఒక్క డాలరు దాటినా సున్నాయే. 2025 దాకా ఆదాయంలో ఎనిమిదిన్నర శాతానికి మించి కట్టక్కర్లేదని పరిమితి ఉండేది. ఇప్పుడా వయసులో నెలకి రెండు వేలు దాటి బిల్లొస్తోంది. నవంబరంతా నా పని ప్లాన్లు అమ్మడం కాదు, కాలిక్యులేటర్ పెట్టుకుని ఆదాయం ఎలా తగ్గించి చూపించాలో చట్టప్రకారం లెక్కలేయడం. ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో కొంత వెయ్యండి, హెచ్ఎస్ఏ అనే వైద్య ఖర్చుల పొదుపు ఖాతాలో కొంత వెయ్యండి... ఒకావిడ అడిగారు, "వచ్చే ఏడాది షాపు రెండు వారాలు మూసేస్తే సరిపోతుందా అన్నా?" అని. లెక్కేస్తే సరిపోయింది కూడా.

డాక్టర్: అయినా మీరు వాళ్లకే ఓటేస్తారు!

ఏజెంట్: ఎందుకేస్తానో చెప్తాను, వినండి. సున్నా ప్రీమియం ప్లాన్ల పేరుతో మనిషికి తెలియకుండానే ప్లాన్లు మార్చేసి కమీషన్లు తిన్న ఏజెంట్లున్నారు. మా వృత్తికి అది మచ్చ. ప్రభుత్వం డబ్బు పోస్తే ప్రీమియం తగ్గదు, కంపెనీ బాగుపడుతుంది. డెమోక్రాట్లకి అంత పట్టింపుంటే కాలిఫోర్నియాలో ఎందుకు చేయలేదు? అసెంబ్లీ వాళ్లది, సెనేట్ వాళ్లది, గవర్నర్ వాళ్లవాడు. అందరికీ ప్రభుత్వ బీమా అని 2018లో ప్రచారం చేసి గెలిచాడు న్యూసమ్. 2022 జనవరిలో బిల్లు ఓటింగ్‌కి కూడా రాకుండా చచ్చిపోయింది. కాగితాల్లేని వలసదారులకి వైద్యం ఇస్తామని గొప్పగా మొదలుపెట్టి, 2025లో బడ్జెట్ తగ్గగానే పెద్దవాళ్ల కొత్త చేరికలు ఆపేసిందీ ఆయనే.

డాక్టర్: అది నిజమే. ఆ విషయంలో నాకు మాట రాదు. కానీ మీ టెక్సస్ సంగతి చెప్పండి. దేశంలో బీమా లేనివాళ్ల శాతం ఎక్కువ అక్కడే. మెడికెయిడ్ విస్తరణకి 90 శాతం డబ్బు ఢిల్లీ... క్షమించండి, వాషింగ్టన్ ఇస్తానంటే వద్దన్నారు. పిల్లల్లేని పేదవాడికి మీ రాష్ట్రంలో సాధారణంగా మెడికెయిడ్ రాదు, మరీ పేదవాడైతే సబ్సిడీ కూడా రాదు. మీ షాపు యజమాని ఆదాయం తగ్గించుకోవాలి, అక్కడ పనిచేసే కుర్రాడు ఆదాయం పెంచి చూపించుకోవాలి!

ఏజెంట్: ...అలాంటివాళ్లూ వస్తారు నా దగ్గరికి. ఏం చెప్పాలో తెలీదు.

యాంకర్: సార్, రాజకీయ నాయకుల సొంత బీమా మాటేంటి?

జర్నలిస్టు: మేరీల్యాండ్ సభ్యుడు ఆండీ హ్యారిస్ కథ చెప్పకపోతే పాపం తగులుతుంది. మత్తు డాక్టరాయన. ఒబామాకేర్ రద్దు చేస్తానని 2010లో గెలిచాడు. కొత్త సభ్యుల శిక్షణ సమావేశంలో లేచి నిలబడి అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా? నా ప్రభుత్వ బీమా మొదలవడానికి 28 రోజులు ఎందుకు పడుతుంది, ఈలోపు నేనేం చేయాలి? అని. పత్రికలకెక్కింది. ఆ తర్వాత కూడా వరసగా గెలుస్తూనే ఉన్నాడు.

యాంకర్: టైమ్ దగ్గరపడింది. ఒక ప్రేక్షకుడి ప్రశ్న: "మా అబ్బాయి హెచ్-1బి మీద ఆస్టిన్‌లో ఉన్నాడు, ఉద్యోగం పోయింది, బీమా ఎలా?" అని.

ఏజెంట్: అందరికీ పనికొచ్చేది కాబట్టి జాగ్రత్తగా చెప్తాను. కోబ్రా అని ఉంటుంది, పాత కంపెనీ ప్లాన్‌లోనే పద్దెనిమిది నెలల దాకా కొనసాగొచ్చు. కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి, పైన రెండు శాతం. చిన్న కంపెనీ అయితే వర్తించకపోవచ్చు, హెచ్ఆర్‌ని అడగమనండి. తీసుకోవాలో వద్దో తేల్చుకోవడానికి 60 రోజులుంటాయి. ఒబామాకేర్ ప్లాన్లు దొరికే మార్కెట్‌ప్లేస్‌లో కొత్త ప్లాన్ కొనడానికి కూడా 60 రోజులే. 2026లో అయితే ఆదాయాన్ని బట్టి హెచ్-1బి వాళ్లకి సబ్సిడీ రావచ్చు. 2027 నుంచి గ్రీన్‌కార్డు ఉంటేనే, ఇంకో రెండు మూడు వర్గాలు తప్ప.

జర్నలిస్టు: మళ్లీ 2027 జనవరి. రాసుకోండమ్మా.

యాంకర్: రాసుకున్నాను సార్. ఆ అబ్బాయి వీసా గడువు కూడా 60 రోజులే కదా?

ఏజెంట్: గరిష్ఠంగా అంతే. మూడూ ఒకే అరవై అనుకుని పొరబడకండి, మొదలయ్యే రోజులు వేరు. ఆఖరి పనిరోజు ఏదో, బీమా ఆగే రోజు ఏదో రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. చాలా కంపెనీలు నెలాఖరు దాకా బీమా ఉంచుతాయి, కొన్ని ఆ రోజే ఆపేస్తాయి.