ఆ 43 మంది పిల్లలు

(అంగన్‌వాడీలకు 50 ఏళ్లు నిండిన సందర్భంగా హైదరాబాద్‌లో జరిగిన సభలో ఒక రిటైర్డ్ సూపర్‌వైజర్ ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన నిర్వాహకులకు, నాగర్‌కర్నూల్ నుంచి, ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన టీచర్లకు, ఆయమ్మలకు నమస్కారం. ఆయమ్మలు వెనక గోడ దగ్గర నిలబడ్డారు. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదమ్మా, వచ్చి కూర్చోండి. మీరు కూర్చునేదాకా ఆగుతాను. మీరు వండి పెట్టకపోతే ఏ సెంటర్లోనూ పిల్లలుండరు.

నాకు ఇచ్చిన అంశం అంగన్‌వాడీల 50 ఏళ్ల ప్రయాణం. 1975 అక్టోబర్ 2న దేశం మొత్తం మీద 33 బ్లాకుల్లో ఐసీడీఎస్, అంటే ఈ అంగన్‌వాడీలను నడిపే పథకం, మొదలైంది. ఇవాళ ఒక్క తెలంగాణలోనే 35 వేలకు పైగా సెంటర్లున్నాయి. చాలా పెద్ద పని ఇది. మిగతా చరిత్ర నా తర్వాత మాట్లాడేవాళ్లు చెప్తారు. నేను ఒక్క తండా గురించి చెప్పి కూర్చుంటాను.

పాలమూరు వైపు లంబాడీల తండా అది. పెద్ద ఊరికి రెండు కిలోమీటర్లు, మధ్యలో వాగు. సెంటరేమో పెద్ద ఊళ్లో. మూడేళ్ల పిల్ల ఒక్కతే వాగు దాటి రాలేదు. తల్లి దింపి రావాలంటే ఆ పూట కూలి పోతుంది. అందుకని ఆ తండా పిల్లలకు గుడ్డు లేదు, బరువు చూసేవాళ్లు లేరు, ఆట లేదు, పాట లేదు.

2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి, సెంటర్ లేని చోట జనం అడిగితే మూడు నెలల్లో పెట్టాలని. అది తెలిసినప్పుడు నాకెంత సంతోషమైందో చెప్పలేను. 2007 జూలైలో ఆ తండాకు పోయి ఇల్లిల్లూ తిరిగాను. 43 మంది తేలారు. పిల్లల పేర్లు, వయసు, తల్లి పేరు రాసుకుని, తల్లులందరితో వేలిముద్రలు వేయించి దరఖాస్తు పెట్టాను.

పరిశీలనకు ఎప్పుడొచ్చారో తెలుసా? ఫిబ్రవరిలో. ఫిబ్రవరిలో పాలమూరు తండాలు ఎట్లుంటాయో ఇక్కడున్న టీచర్లకు చెప్పనక్కర్లేదు. సగానికి సగం ఇళ్లకు తాళాలు. కొందరు ఇటుక బట్టీలకు, కొందరు ఈ హైదరాబాద్‌కే, బిల్డింగు పనులకు. వచ్చినవాళ్లు లెక్కపెడితే 19 మంది తేలారు. దరఖాస్తు వెనక్కి వచ్చింది. నేను ఆఫీసుకు పోయి అడిగితే, "లేని పిల్లలకు సెంటర్ ఎట్లిస్తామమ్మా?" అన్నారు.

లేని పిల్లలు! నేను వాళ్లను ఎత్తుకున్నాను, కాటాలో కూర్చోబెట్టి తూచాను. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

మళ్లీ రాశాను, మళ్లీ మళ్లీ రాశాను. చివరికి 2014లో మినీ సెంటర్ వచ్చింది. అంటే ఆయమ్మ ఉండదు. వండేదీ, ఆడించేదీ, రిజిస్టర్లు నింపేదీ ఒక్క టీచరే. అదైనా వచ్చింది కదా అనుకుంటారు. కానీ 2007లో నేను రాసుకున్నప్పుడు నెలల బిడ్డగా ఉన్నవాడికి కూడా అప్పటికి ఆరేళ్లు దాటాయి. ఆ 43 మందిలో ఒక్కరికీ ఆ సెంటర్ దక్కలేదు.

సెంటర్ పెడితే అయిపోతుందా అంటే, అదీ కాదు. ఒకసారి ఆ తండా పక్కన పత్తి చేలో చూశాను. వేపచెట్టుకు చీరతో కట్టిన ఊయల, అందులో ఏడాది నిండని పిల్లవాడు. వాడి అక్కకు ఐదేళ్లుంటాయేమో. ఊయల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతూ, చేతులతో కాయలోంచి పత్తి తీస్తోంది. నేను దగ్గరకు పోతే నోటి మీద వేలు పెట్టి, తమ్ముడు పడుకున్నాడని సైగ చేసింది. ఆ పిల్ల సెంటర్లో ఉండాల్సిన పిల్ల. తమ్ముణ్ని చూసుకునేవాళ్లు లేక ఆగిపోయింది. మూడేళ్ల లోపు పిల్లలను పగలంతా చూసుకునే చోటు లేకపోతే, పైపిల్లలు సెంటర్‌కు రారు. తల్లులు పొద్దు పొడవకముందే కూలి ఆటో ఎక్కుతారు. మన సెంటర్ తలుపు తీసేసరికి తొమ్మిది. ఈ నడుమ గంటల్లో పిల్లల్ని చూసేదెవరు? ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడే రాశారు, పని దగ్గరికి ఐదుగురు చిన్నపిల్లలు వస్తే వాళ్లను చూడ్డానికి ఒక మనిషిని పెట్టాలని. నా సర్వీసులో అట్లా పెట్టింది రెండు చోట్లే చూశాను.

భాష సంగతి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు దీన్ని. మినీ సెంటర్ వచ్చాక టీచర్ చార్ట్ చూపించి "అ అంటే అమ్మ" అంటోంది. ఒక పిల్లవాడు ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు, నోరు విప్పడు. మందబుద్ధి అనుకుంది టీచర్. వాడికి అమ్మ అంటే యాడీ. నేను బొమ్మ మీద వేలు పెట్టి "యాడీ?" అన్నాను. ఎగిరి లేచి నిలబడ్డాడు! రెండో నెలకల్లా వాడు తెలుగులోనూ వాగుతున్నాడు. తండాకు లంబాడీ, గోండు గూడేనికి గోండీ వచ్చిన టీచర్ కావాలి. అక్కడి ఆడపిల్లనే తీసుకుని ట్రైనింగ్ ఇస్తే సరిపోతుంది.

పిల్లల మెదడు 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే ఎదుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. రాజ్యాంగంలో చదువు హక్కు మాత్రం ఆరేళ్ల నుంచి మొదలవుతుంది. 2002లో సవరించినప్పుడు, ఆరేళ్ల లోపు వాళ్ల కోసం రాజ్యం ప్రయత్నించాలి అని 45వ అధికరణంలో రాసి వదిలేశారు. ఆరు నిండితే హక్కు, నిండకపోతే ప్రయత్నం. నాకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది. లాయర్లు ఎవరైనా ఉంటే దీని గురించి ఆలోచించండి.

హైదరాబాద్ వాళ్లను ఒక మాట అడుగుతాను. ఈ హాల్లో అపార్ట్‌మెంట్లలో ఉంటున్నవాళ్లు చేతులెత్తండి. చూడండి, ఎన్ని చేతులో. అవి కట్టింది పాలమూరు లేబర్. తండాలో ఫిబ్రవరిలో లెక్కకు రాని నా పిల్లలు మీ పక్క సైట్లో ఇసుక కుప్ప మీద ఉన్నారు. 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లలకు గది ఉండాలని 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. మీ వీధిలో కట్టే బిల్డింగు దగ్గర ఆ గది ఎక్కడుందో ఒకసారి అడగండి. దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీలో ఆ పిల్లలను చేర్చండి. అంగన్‌వాడీ పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వచ్చినవాళ్ల పేరు ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు మార్చే వీలుంది. అడిగేవాళ్లు లేరు, అంతే.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం. టీచరమ్మలూ, సర్వే ఎప్పుడు చేయమన్నా చేయండి. కానీ జూన్, జూలైలో, జనం ఊళ్లో ఉన్నప్పుడు మీ అంతట మీరు ఇంకోసారి చేసి పెట్టుకోండి. తేదీ వేయండి, సర్పంచ్‌తో సంతకం పెట్టించండి. ఫిబ్రవరిలో ఎవరైనా వస్తే ఆ కాగితం ముందు పెట్టండి. నా 43 మంది కాగితం నకలు ఈ సంచిలోనే ఉంది, ఎట్లా రాయాలో చూపిస్తాను. భోజనాల దగ్గర కుడివైపు బల్ల మీద కూర్చుంటాను. సెంటర్ లేని తండా, గూడెం పేరు, అక్కడి పిల్లల లెక్క తెచ్చుకున్నవాళ్లు అక్కడికి రండి. బస్సు టైమ్ లోపు దరఖాస్తు రాసి ఇస్తాను.