లెట్రిన్ ముందొచ్చింది, నీళ్లు తర్వాతెప్పుడో: గజపతి కొండ ఊళ్ల మీద చర్చ

సంధానకర్త: అందరికీ నమస్కారం. ఈ రోజు ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి స్టూడియోలో మనతో ముగ్గురున్నారు. కొండ ఊరి నీటి కమిటీలో చేస్తున్న అమ్మ, లెట్రిన్లు కట్టే తాపీ మేస్త్రీ గారు, నీటి సరఫరా పనులు చేయించి రిటైరైన ఇంజనీరు గారు. అమ్మా, ముందు మీరు చెప్పండి. మీ ఇంట్లో కట్టిన లెట్రిన్ వాడుతున్నారా?

కమిటీ సభ్యురాలు: ఇప్పుడు వాడుతున్నాం బాబూ. మొదటి మూడేళ్లు అందులో కట్టెలు పెట్టుకున్నాను. వచ్చిన ప్రతి ఆఫీసరూ మీరు అలవాటు మార్చుకోరని తిట్టినవాళ్లే, బిందెల లెక్క మాత్రం ఎవరూ అడగలేదు. గెడ్డ, అంటే వాగు, కిందెక్కడో ఉంది, ఎండాకాలంలో చెలమ తవ్వి గిన్నెతో తోడుకుంటూ కూర్చుంటే ఒక్క బిందె నిండటానికి అరగంట. ఇంట్లో ఆరుగురం. అలా తెచ్చిన నీళ్లు లెట్రిన్‌లో పొయ్యమంటే ఎలా పోస్తాను? మగవాళ్లు వెళ్లినా పోసేది మేం మోసిన నీళ్లే కదా. అందుకే చీకటితో లేచి తుప్పల్లోకి పోయేవాళ్లం.

ఇంజనీరు: అసలు సంగతి ఆమె చెప్పేశారు. స్వచ్ఛ భారత్ మొదలైంది 2014 అక్టోబర్ 2న, లెట్రిన్‌కి ఇంటికి 12 వేలు ఇచ్చారు. ఇంటింటికీ కుళాయి అని జల్ జీవన్ మిషన్ ప్రకటించింది 2019 ఆగస్టు 15న. మధ్యలో ఐదేళ్లు ఆ గదికి నీళ్లెక్కడివని ఎవరైనా ఆలోచించాలా వద్దా? మన పక్క గంజాం జిల్లాలోనే, మోహుదా కేంద్రంగా పనిచేసే గ్రామ్ వికాస్ సంస్థ 1992 నుంచీ రెండూ కలిపే చేస్తోంది. ఇంటికో లెట్రిన్, స్నానాల గది, మూడు కుళాయిలు. ఆ మూడోది వంటింట్లో. ఊళ్లో ఒక్క ఇల్లు మిగిలినా నీళ్లు వదలరు.

సంధానకర్త: ఒక్కరు కట్టుకోలేకపోతే ఊరంతా ఆగిపోవాలా? అన్యాయం కాదా అండీ?

ఇంజనీరు: ఆ షరతు లేకపోతే ఏమవుతుందో నేను ఉద్యోగంలో చూశాను. పెద్దిళ్లకి కుళాయిలు వస్తాయి, చివరి వీధి అలాగే ఉండిపోతుంది. సగం ఊరు బయటికి వెళ్తే, వానకి కొట్టుకొచ్చేది అందరూ తాగే నూతిలోకే. రాయగడ జిల్లా కాశీపూర్‌లో 2007లో కలరా వచ్చింది, 2022లో మళ్లీ వచ్చింది. గ్రామ్ వికాస్ పనిచేసిన ఊళ్ల మీద ఆర్థికవేత్త ఎస్తర్ డఫ్లో, ఇంకొందరు కలిసి చేసిన పరిశోధన 2015లో వచ్చింది. విరేచనాలకి వైద్యం చేయించుకోవాల్సి రావడం 30 నుంచి 50 శాతం తగ్గిందని తేల్చారు, అదీ ఏడాదితో పోయింది కాదు, ఐదేళ్ల తర్వాత కూడా నిలిచింది.

సంధానకర్త: మేస్త్రీ గారూ, కట్టడంలో తప్పులు లేవంటారా?

మేస్త్రీ: ఎందుకు లేవండీ, చాలా ఉన్నాయి. టౌన్లో పెట్టే బేసిన్ తెచ్చి కొండ ఊళ్లో పెడతారు, దానికి బకెట్టు నీళ్లు పొయ్యాలి. పల్లెల కోసం వాలు ఎక్కువగా చేసిన బేసిన్ ఉంది, ఒకటిన్నర, రెండు లీటర్లు పోస్తే చాలు. బిందె మోసే ఆడమనిషికి ఆ తేడా ఎంతో ఆలోచించండి. గుంతలు రెండుండాలి. ఒకటి నిండాక, పైపు రెండు గుంతలకీ చీలే ఛాంబర్‌లో దారి రెండోదానికి మార్చి, మొదటిదాన్ని రెండేళ్లు మూసి ఉంచితే లోపలిది ఎరువైపోతుంది. ఒకావిడ నమ్మకపోతే నేనే పారతో తీసి చేతిలో పట్టుకుని చూపించాను. నల్లగా, పొడిపొడిగా, పొలం మట్టిలాగే ఉంది, వాసనే లేదు. గుంతకి అడుగున సిమెంటు వెయ్యకూడదు, వేస్తే నీరు ఇంకదు. నూతికి కనీసం 10 మీటర్ల దూరం చూసుకోవాలి. ఇవన్నీ ఇంటివాళ్లకి చెప్పే ఓపిక కాంట్రాక్టరుకి ఉండదు, బిల్లుకి ఫొటో దిగితే ఆయన పని అయిపోయింది.

సంధానకర్త: మరి అమ్మా, మీ ఊరికి నీళ్లెలా వచ్చాయి?

సభ్యురాలు: పైన కొండ ఊట దగ్గర తొట్టి కట్టి పైపు దించారు. మోటారు లేదు, కరెంటు లేదు, నీరు దానంతట అదే దిగుతుంది. మనిషికి రోజుకి 55 లీటర్లు రావాలంటారు కదా, వానాకాలంలో వస్తాయి, ఏప్రిల్ వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది, ఊట సన్నబడిపోతుంది. పోయిన ఏడాది ఊటకి పై వాలులో అందరం కలిసి కందకాలు తవ్వాం, వాన నీరు జారిపోకుండా ఇంకాలని. ఆ పనికి కూలి ఇవ్వమని అడుగుతున్నాం.

సంధానకర్త: ఆ నీళ్లు మంచివో కావో ఎలా తెలుస్తుంది?

సభ్యురాలు: మాకు చిన్న సీసాలిచ్చారు. నీళ్లు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచాలి, నల్లబడితే మలం కలిసినట్టే. ఈ నెల మా సీసా నల్లబడింది బాబూ. చూడగానే గుండె జారిపోయింది, చంటిపిల్లలున్న ఇళ్లన్నింటికీ వెళ్లి కాచి తాగించండని చెప్పొచ్చాను. పైపు వెంట నడుచుకుంటూ పైకి వెళ్తే ఒకచోట జాయింటు పగిలి ఉంది, అక్కడే పశువులు నిలబడుతున్నాయి. జాయింటు మార్చి, ట్యాంకు కడిగి, బ్లీచింగు వేశాం. నిన్న సాయంత్రం ఇంకో సీసా పెట్టి వచ్చాను. రేపు చూడాలి.